ఆ ఫోన్ ఎవరు చేశారు?

2012 జూలైలో మా నాన్న చెయ్యి విరిగింది. పొలం గట్టు దగ్గర నీళ్ళ గొడవ. పక్క చేనువాళ్ళు ముగ్గురు మీదపడి పార కామతో కొడితే ఎడమ మోచేతి కింద ఎముక విరిగింది. ప్రభుత్వాసుపత్రిలో కట్టు కట్టించుకుని, అక్కడ రాయాల్సినవి రాయించుకుని, మధ్యాహ్నం పన్నెండు దాటాక నేనూ నాన్నా మండల కేంద్రంలోని పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాం. అప్పటికి నేను డిగ్రీ రెండో సంవత్సరం.

స్టేషన్ రైటర్ మంచిగానే మాట్లాడాడు. నాన్నని బెంచీ మీద కూర్చోబెట్టి మంచినీళ్ళు తెప్పించాడు. రెండు తెల్లకాగితాల మధ్య కార్బన్ పేపర్ పెట్టి నా ముందుకి జరిపి, "తేదీ, టైము, ఎక్కడ, ఎవరెవరు, దేంతో కొట్టారు, అన్నీ వరసగా రాయమ్మా" అన్నాడు. రాశాను. సంతకం కోసం కాగితం నాన్న వైపు తిప్పాను. నాన్న పెన్ను అందుకున్నాడు. అప్పుడే ఎస్సై గదిలో ఫోన్ మోగింది. తలుపు సగం తీసే ఉంది. ఎస్సై "సార్" అన్నాడు. కాసేపాగి మళ్ళీ "సార్" అన్నాడు. ఐదారుసార్లు ఆ ఒక్క మాటే వినిపించింది. ఫోన్ పెట్టేసి బయటికొచ్చి రైటర్ వైపు చూశాడు. రైటర్ ఏమిటని అడగలేదు. కాగితాల మధ్య నుంచి కార్బన్ లాగి సొరుగులో పెట్టేసుకున్నాడు.

"పెద్దాయనా, ఊళ్ళో నలుగురిలో కూర్చుంటే తెగిపోయేదానికి కేసులెందుకు? మీరు పెడితే వాళ్ళూ పెడతారు. కౌంటర్ కేసు అవుద్ది. అమ్మాయి చదువుకుంటోంది, కోర్టుల చుట్టూ తిరుగుతారా?" అన్నాడు ఎస్సై. కోపంగా అనలేదు. నేల వైపు చూస్తూ అన్నాడు.

నాన్న పెన్ను బల్ల మీద పెట్టి, "పదమ్మా" అన్నాడు.

"పైనుంచి ఫోన్ వచ్చింది" అంటే ఏమిటో తెలుగువాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు. ఎవరింట్లోనో ఒకరికి ఎప్పుడో అనుభవమయ్యే ఉంటుంది. అందుకే దాన్ని వానలా, ఎండలా, మన చేతిలో లేనిదిగా తీసుకుంటున్నాం. అది చట్టం వదిలేసిన సందు. చట్టం తల్చుకుంటే మూయగలిగిన సందు. పోలీసు శాఖ ఎలా నడుస్తోందో అసెంబ్లీలో మంత్రి జవాబు చెప్పాలి, ఆ మాట నేను కాదనను. కానీ ఫలానా మనిషి మీద కేసు కట్టాలా, ఫలానా మనిషిని అరెస్టు చేయాలా, ఛార్జిషీటు వేయాలా అన్న చోట మంత్రి మాటకి గానీ, ఎమ్మెల్యే మాటకి గానీ, వాళ్ళ మనిషి మాటకి గానీ విలువ ఉండకూడదు. ఆ గీత చట్టంలో అక్షరాలా రాసి ఉండాలి. ఇప్పుడు లేదు.

1861 పోలీసు చట్టం మూడో సెక్షన్ చూడండి. పోలీసుల మీద పర్యవేక్షణ రాష్ట్ర ప్రభుత్వానిదే, దాన్ని చెలాయించేదీ ఆ ప్రభుత్వమే అని ఉంటుంది. పర్యవేక్షణ అంటే ఏది, ఎంతవరకు, ఎక్కడ ఆగాలి అన్నది మాత్రం కనపడదు. 1857 తిరుగుబాటు చూసి బెదిరిన పాలకులు రాసుకున్న చట్టం అది. లండన్‌లో జనం మధ్య తిరిగే పోలీసుని పెట్టుకున్నవాళ్ళే, మనకి మాత్రం ఐర్లండ్‌లో జనాన్ని అణచిపెట్టడానికి వాడిన కాన్‌స్టాబ్యులరీ పద్ధతి తెచ్చారు. ప్రభుత్వం చెప్పింది చెప్పినట్టు చేసే బలగం వాళ్ళకి కావాల్సింది. దానికి ఆ సెక్షన్ సరిగ్గా సరిపోయింది.

మన ప్రాంతపు కథ ఇంకా పాతది. కోస్తా, రాయలసీమ జిల్లాలకి వర్తించేది 1861 చట్టం కంటే రెండేళ్ళు ముందే మద్రాసు ప్రెసిడెన్సీకి చేసిన 1859 జిల్లా పోలీసు చట్టం. తెలంగాణ జిల్లాలకి 1329 ఫసలీ చట్టం, హైదరాబాద్ నగరానికి 1348 ఫసలీ చట్టం, రెండూ నిజాం నాటివి. ఫసలీ అంటే అప్పటి శిస్తు సంవత్సరాల లెక్క; దానికి 590 కలుపుకుంటే 1919, 1938 ప్రాంతం వస్తుంది.

ఆ 1859 చట్టం వెనక ఒక సంగతి ఉంది. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో శిస్తు కట్టలేని రైతుల్ని హింసిస్తున్నారన్న గొడవ లండన్ పార్లమెంటు దాకా పోతే విచారణకి కమిషనర్లని వేశారు. 1855లో నివేదిక వచ్చింది. వేళ్ళని రెండు కర్రల మధ్య పెట్టి నొక్కడం, మనిషిని వంచి తలని కాళ్ళకి తాడుతో కట్టి ఎండలో ఉంచడం, ఇలాంటివన్నీ అందులో ఉన్నాయి. కమిషనర్లు పట్టుకున్న మూలం ఒక్కటి: శిస్తు వసూలు చేసే తహసీల్దారు చేతిలోనే పోలీసు అధికారం కూడా ఉంది. వసూలు కావాల్సినవాడి చేతిలోనే కొట్టే అధికారమూ ఉంటే కొట్టకుండా ఎందుకుంటాడు? ఆ తర్వాతే పోలీసుని రెవెన్యూ నుంచి విడదీసి వేరే శాఖ చేశారు. శిస్తు అడిగేవాడి చేతిలో లాఠీ ఉండకూడదని పరాయి పాలకులకి కూడా అర్థమైంది. ఓటు అడిగేవాడి చేతిలో ఉండకూడదన్నది నూట డెబ్భై ఏళ్ళ తర్వాత మన చట్టసభలకి ఎక్కలేదు.

ఎవరూ చెప్పక కాదు. ఎమర్జెన్సీలో పోలీసుని ఎలా వాడుకున్నారో షా కమిషన్ విచారిస్తుండగానే, 1977 నవంబర్‌లో ధర్మవీర అధ్యక్షతన జాతీయ పోలీసు కమిషన్ వేశారు. 1981 నాటికి ఎనిమిది నివేదికలు ఇచ్చింది. పోలీసు మీద ప్రభుత్వం తప్పుడు ఒత్తిడి తేకుండా చూసే రాష్ట్ర భద్రతా కమిషన్ పెట్టండి, పోలీసు అధిపతికి కచ్చితమైన పదవీకాలం ఇవ్వండి అని 1979 నాటి రెండో నివేదికలోనే ఉంది. ప్రభుత్వం మారింది, నివేదికలు బీరువాలోకి వెళ్ళాయి. ఉత్తరప్రదేశ్, అస్సాంలలో డీజీపీగా, సరిహద్దు భద్రతా దళం అధిపతిగా చేసి రిటైరైన ప్రకాశ్ సింగ్ 1996లో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. పదేళ్ళు నడిచాక, 2006 సెప్టెంబర్ 22న తీర్పు వచ్చింది. డీజీపీని యూపీఎస్సీ ఇచ్చే ముగ్గురి జాబితా నుంచే తీసుకోవాలి, కనీసం రెండేళ్ళు ఉంచాలి. జిల్లా ఎస్పీ నుంచి స్టేషన్ హౌస్ ఆఫీసర్ దాకా రెండేళ్ళు కదపకూడదు. డీఎస్పీ స్థాయి వరకు బదిలీలు డీజీపీ, మరో నలుగురు సీనియర్ అధికారులుండే బోర్డు చూసుకోవాలి. పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి రిటైర్డు జడ్జీలతో రాష్ట్రంలో, జిల్లాల్లో వేరే ప్రాధికార సంస్థలుండాలి. దర్యాప్తుని శాంతిభద్రతల పని నుంచి విడదీయాలి. ఇలా మొత్తం ఏడు ఆదేశాలు.

తీర్పు వచ్చి పందొమ్మిదేళ్ళు దాటింది. రాష్ట్రాలు దాన్ని ఎలా తప్పించుకున్నాయో చెప్పాలంటే ఇంకో వ్యాసం పడుతుంది. కొందరు కొత్త చట్టాలు చేసి, భద్రతా కమిషన్ల మాటకి ప్రభుత్వం కట్టుబడాల్సిన పని లేకుండా చేసుకున్నారు. పూర్తికాలం డీజీపీని వేయకుండా ఇన్‌ఛార్జితో నడిపించే అలవాటు ఎంత ముదిరిందంటే, 2018 జూలైలో సుప్రీంకోర్టు మళ్ళీ కలగజేసుకుని, ఇన్‌ఛార్జి డీజీపీలు కుదరరని చెప్పాల్సి వచ్చింది. కేరళలో ప్రభుత్వం మారగానే తప్పించిన డీజీపీ సెన్‌కుమార్‌ని 2017 ఏప్రిల్‌లో కోర్టు మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. కోర్టు మెట్లెక్కడానికి డీజీపీకి వీలుంది. మా మండలం ఎస్సైకి ఏం వీలుంది?

ఆ ఎస్సై నాకు తర్వాత ఒకసారి కనిపించాడు. చాలా ఏళ్ళయ్యాక, రైల్లో. యూనిఫాం లేదు. నేనే గుర్తుపట్టి పలకరించాను. ఊరి పేరు చెప్పగానే ఆయన మొదట అడిగింది, "మీ నాన్నగారి చెయ్యి ఎలా ఉందండీ?" అని. ఎప్పుడో జరిగింది అన్నేళ్ళు మోసుకు తిరుగుతున్నాడని ఆ మాటలో తెలిసిపోయింది. కాసేపటికి ఆయనే చెప్పాడు. "ఆ సంవత్సరం నాకది మూడో స్టేషనండీ. రెండు చోట్లా మాట వినలేదని వీఆర్‌కి పంపారు. మా పెద్దమ్మాయి ఒకటో క్లాసు మూడు ఊళ్ళలో చదివింది."

వీఆర్ అంటే వేకెన్సీ రిజర్వ్. జీతం వస్తుంది, పని ఉండదు. స్టేషన్ ఉండదు, జీపు ఉండదు. మళ్ళీ ఎప్పుడు ఎక్కడ వేస్తారో తెలీని టెన్షన్. పెద్ద అధికారులకైతే లూప్‌లైన్, అంటే ప్రాధాన్యం లేని కుర్చీ. సస్పెండ్ చేస్తే కారణం చూపాలి, విచారణ జరపాలి. బదిలీకి అవేవీ అక్కర్లేదు, "పరిపాలనా కారణాలు" అని రాస్తే చాలు. అందుకే మంత్రి చేతిలో ఉన్న పగ్గం చట్టంలోని ఏ సెక్షన్ కంటే బదిలీ ఉత్తర్వులోనే గట్టిగా ఉంది. ఫలానా సీఐ మాకు కావాలి అంటూ ఎమ్మెల్యే లెటర్ ఇవ్వడం, ఆ లెటర్ లేకపోతే స్టేషన్ దక్కకపోవడం గురించి పేపర్లలో ఎన్నేళ్ళుగా చదువుతున్నాం! లెటర్ తెచ్చుకుని వచ్చిన సీఐ ఆ లెటర్ ఇచ్చినాయన ఫోన్ చేస్తే ఎత్తకుండా ఉండగలడా?

ఇది ఒక పార్టీ జబ్బు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటెలిజెన్స్ చీఫ్‌గా చేసిన ఏబీ వెంకటేశ్వరరావుని తర్వాత వచ్చిన ప్రభుత్వం 2020 ఫిబ్రవరిలో సస్పెండ్ చేస్తే, ఆయన ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగి, 2024 మే 31న పోస్టింగ్ అందుకుని ఆ సాయంత్రమే రిటైరయ్యారు. ఆ వెంటనే ప్రభుత్వం మారింది. ఆగస్టులో, పోస్టింగ్ లేకుండా ఉన్న పదహారు మంది ఐపీఎస్ అధికారులు రోజూ డీజీపీ ఆఫీసుకొచ్చి సంతకం పెట్టి సాయంత్రం దాకా అక్కడే ఉండాలని మెమో ఇచ్చారు. ఎవరు తప్పు చేశారు, ఎవరు చేయలేదు అన్న చర్చలోకి నేను పోవడం లేదు. తప్పు చేసినవాడిని విచారించాలి, శిక్షించాలి. కానీ ఈ రెండు సంఘటనలూ చూసిన ఒక కుర్ర ఎస్సైకి ఏం అర్థమవుతుంది? ఎన్నికలొస్తే చాలు, ఎన్నికల సంఘం డీజీపీతో సహా అధికారుల్ని మార్చడం మనకి మామూలైపోయింది. పోలీసు అధికారి అధికార పార్టీ మనిషే అయి ఉంటాడని దేశమంతా ముందే అనుకుంటోందన్నమాట.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ ఫోన్ మేమూ వాడుకున్నాం.

మా పిన్ని కూతుర్ని అత్తవారింట్లో కట్నం కోసం కొట్టి అర్ధరాత్రి బయటికి గెంటేస్తే, రెండు రోజులు స్టేషన్ చుట్టూ తిరిగినా ఫిర్యాదు తీసుకోలేదు. "కౌన్సెలింగ్ చేస్తాం, రేపు రండి" అన్నారు. మూడో రోజు మా బాబాయి ఒక నాయకుడి ఇంటి ముందు పొద్దున్నే ఆరింటికి నిలబడి ఫోన్ చేయించుకున్నాడు. గంటలో ఎఫ్‌ఐఆర్ అయింది. ఆ రోజు మా ఇంట్లో ఆ నాయకుణ్ణి పొగడని మనిషి లేడు. నేనూ పొగిడాను. మంత్రుల జోక్యం పోతే పేదవాడి గతేమిటి, స్టేషన్ గుమ్మం ఎవరు తెరిపిస్తారు అని అడిగేవాళ్ళని అందుకే నేను తేలిగ్గా తీసిపారేయలేను. వాళ్ళు చెప్పేది నిజం. ఎమ్మెల్యే ఇంటి ముందు తెల్లారకుండానే కనిపించే జనంలో సగం మంది తమకి చట్టప్రకారం హక్కుగా రావాల్సిందాని కోసమే నిలబడి ఉంటారు.

కానీ మా చెల్లెలి విషయంలో ఆ ఫోన్ ఇచ్చింది ఏమిటి? చట్టం ఎప్పుడో ఇచ్చేసినదాన్నే ఇప్పించింది. కాగ్నిజబుల్ నేరం, అంటే వారంటు లేకుండానే పోలీసు అరెస్టు చేయగల నేరం అని తెలిస్తే ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని 2013 నవంబర్‌లో లలితా కుమారి కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. మా నాన్న చెయ్యి విరిగేనాటికి ఆ తీర్పు లేదు. చెల్లెలి గొడవనాటికి ఉంది. అయినా ఫోన్ కావాల్సి వచ్చింది. ఒక ఇంటికి తలుపు తెరిపించిన ఆ ఫోనే ఇంకో ఇంటి మీద తలుపు వేయించగలదు. నాయకుడికి రెండు పనులూ లాభమే. ఒకచోట కృతజ్ఞత దొరుకుతుంది, ఇంకోచోట భయం దొరుకుతుంది. తలుపు మామూలుగానే తెరుచుకునే రోజున ఆయన వాకిట్లో నిలబడేదెవరు? ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ ఈ సంస్కరణకి పెద్దపీట వేయకపోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం.

అసలు మన న్యాయశాస్త్రంలో దర్యాప్తు అధికారికి స్వతంత్రత లేకపోలేదు. ఛార్జిషీటు వేయమని మేజిస్ట్రేటు కూడా పోలీసుని ఆదేశించలేడని, ఆ నిర్ణయం దర్యాప్తు చేసిన అధికారిదేనని 1967లో అభినందన్ ఝా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మేజిస్ట్రేటుకే లేని అధికారం మంత్రిగారి పీఏకి ఎలా వచ్చింది? ఏ చట్టమూ ఇవ్వలేదు. ఏ చట్టమూ కాదనలేదు కూడా. పట్టుబడితే ఏమవుతుందో ఒకసారి చూశాం. బొగ్గు గనుల కేసులో సీబీఐ నివేదికని కోర్టుకిచ్చే ముందు న్యాయమంత్రి చూశారని సుప్రీంకోర్టు నిలదీసి అడిగితే బయటపడింది. 2013 మేలో ఆ మంత్రి రాజీనామా చేశారు. సీబీఐ మీద కోర్టు కన్ను ఉంది కాబట్టి అది తెలిసింది. మండల స్టేషన్ మీద ఎవరి కన్నుంది?

ఈ గీతని చట్టంలో ఎలా రాయాలో తెలీక ఆగిపోయామనడానికి వీల్లేదు. న్యూజిలాండ్ 2008 పోలీసు చట్టం పదహారో సెక్షన్ చదివితే ఈర్ష్య కలుగుతుంది. శాఖ పనితీరుకి, నిర్వహణకి పోలీసు కమిషనర్ మంత్రికి జవాబుదారీ. మంత్రి ఇచ్చే చట్టబద్ధమైన ఆదేశాలు అమలు చేయాలి. అంతవరకు చెప్పి, ఆ కిందనే రాశారు: ఒక వ్యక్తి మీద గానీ కొందరు వ్యక్తుల మీద గానీ చట్టం అమలు చేసేటప్పుడు, నేర దర్యాప్తులో, ప్రాసిక్యూషన్‌లో, పోలీసు సిబ్బందిలో ఒక్కొక్కరి గురించి తీసుకునే నిర్ణయాల్లో కమిషనర్ ఏ మంత్రికీ బాధ్యుడు కాడు, స్వతంత్రంగానే వ్యవహరించాలి. మంత్రి తరఫున మాట్లాడేవాడికీ ఇదే వర్తిస్తుంది. ఆ చివరి రెండూ మళ్ళీ చదవండి. సిబ్బంది గురించిన నిర్ణయం అంటే మన భాషలో బదిలీ, పోస్టింగ్. మంత్రి తరఫున మాట్లాడేవాడు అంటే మన పీఏ, బావమరిది, మండల పార్టీ అధ్యక్షుడు.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ కథ మనకి ఇంకా దగ్గర. అక్కడ పోలీసు అవినీతి మీద ఫిట్జ్‌జెరాల్డ్ విచారణ 1987 నుంచి 1989 దాకా నడిచింది. చివరికి పోలీసు కమిషనరే జైలుకి పోయాడు. ఆ తర్వాత 1990లో చేసిన చట్టంలో, పోలీసు కమిషనర్‌కి మంత్రి ఆదేశం ఇస్తే కాగితం మీదే ఇవ్వాలని, ఆ ఆదేశాలన్నీ ఒక రిజిస్టర్‌లో ఎక్కించాలని, ఆ రిజిస్టర్ పార్లమెంటు ముందుకి పోవాలని రాసుకున్నారు. ఇంతే. దీనికి కోట్లు ఖర్చు కావు. ఒక పుస్తకం, ఒక పెన్ను చాలు.

మన దగ్గర 2023 డిసెంబర్‌లో మూడు కొత్త నేర చట్టాలు చేశారు, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. వలస పాలన నాటి చట్టాలు వదిలించుకుంటున్నాం అన్నారు. తమ పరిధి కాకపోయినా ఏ స్టేషన్‌లోనైనా కట్టే జీరో ఎఫ్‌ఐఆర్, ఆన్‌లైన్‌లో ఫిర్యాదు, సోదాలకి వీడియో, ఇవన్నీ మంచివే. కానీ 1860 నాటి శిక్షాస్మృతి వలస గుర్తు అయినప్పుడు 1859 నాటి పోలీసు చట్టం కాకుండా పోయిందా? పోలీసు రాష్ట్ర జాబితాలోది, కేంద్రం చేయలేదంటారు. ఒప్పుకుంటాను. మరి అమరావతి, హైదరాబాద్ అసెంబ్లీలకి అడ్డమేమిటి? దర్యాప్తు పద్ధతిని వెయ్యి సెక్షన్లతో మార్చినా, ఆ దర్యాప్తు చేసే మనిషి రేపు ఏ ఊళ్ళో ఉంటాడో ఎవరి ఇష్టం మీద ఆధారపడిందో అది మారకపోతే ఆ కొత్త సెక్షన్లు చదివేది పాత భయంతోనే.

ఇంకో భయం ఉంది. మంత్రిని కూడా తప్పించేస్తే పోలీసుని ఆపేదెవరు? తెలుగు నేల మీద పుట్టి ఎన్‌కౌంటర్ అనే మాట వింటూ పెరిగినవాళ్ళెవరూ ఈ ప్రశ్నని తోసేయలేరు. 2019 డిసెంబర్ 6న హైదరాబాద్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగుర్ని కాల్చి చంపితే పోలీసుల మీద పూలు చల్లాం. జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ విచారించి, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పది మంది పోలీసుల మీద కేసు నడపాలని నివేదికలో రాసింది. మంత్రి నుంచి విడుదలైన పోలీసు చట్టం నుంచి కూడా విడుదలైపోతే మనకి మిగిలేది తుపాకీ. అందుకే 2006 తీర్పులోని ఫిర్యాదుల ప్రాధికార సంస్థని, బదిలీల బోర్డుని విడివిడిగా చూడకూడదని నేనంటాను. పోలీసుని మంత్రి ఫోన్ నుంచి కాపాడే చట్టమే, పోలీసు దెబ్బ తిన్నవాడు వెళ్ళి తలుపు తట్టడానికి జిల్లాలో ఒక ఇల్లు కూడా చూపించాలి. మొదటిదాని కోసం అధికారులు మాట్లాడతారు, రెండోదాని గురించి మాట్లాడరు. హక్కుల సంఘాలు రెండోదాని కోసం ఏళ్ళుగా కొట్లాడుతున్నాయి, మొదటిదాని మీద అంత నమ్మకం పెట్టుకోవు. రెండూ ఒకే బిల్లులో రావాలి.

ఆ బిల్లులో నేను కోరుకునేది చిన్నదే. ప్రతి స్టేషన్‌లో జనరల్ డైరీ ఉంటుంది. ఎవరొచ్చారు, ఏ కానిస్టేబుల్ ఎటు డ్యూటీకి పోయాడు, అన్నీ టైముతో సహా ఎక్కుతాయి. ఒక కేసు గురించి బయటి నుంచి, పదవిలో ఉన్న ఎవరు ఫోన్ చేసినా ఆ పేరు, టైము, చెప్పిన మాట అందులో ఎక్కాలి. ఎక్కించకపోతే శిక్షించదగ్గ తప్పు కావాలి. ఎక్కించినందుకు బదిలీ చేస్తే ఆ బదిలీ చెల్లకూడదు. మా పిన్ని కూతురి కోసం చేసిన ఫోన్ కూడా ఎక్కాలి. మంచి మాట చెప్పినాయనకి పేరు రాయించుకోవడానికి అభ్యంతరం ఉండదు కదా.

రైల్లో ఆ ఎస్సైని నేను అడిగాను, "ఆ రోజు ఫోన్ చేసింది ఎవరండీ?" అని. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. "ఇప్పుడు పేరెందుకులెండి" అన్నాడు. నేను రెట్టించలేదు. ఆయనకింకా సర్వీసు ఉంది.

నాన్న చెయ్యి అతుక్కుంది గానీ కొంచెం వంకరగా అతుక్కుంది. పార ఎత్తితే లాగుతుంది. వానాకాలం నొప్పి ఎక్కువైనప్పుడు ఆముదం రాయించుకుంటూ ఇప్పటికీ అడుగుతుంటాడు, "ఎవరు చేసుంటారమ్మా ఆ ఫోను?" అని. ఊళ్ళో నలుగురు నాలుగు పేర్లు చెబుతారు. మాకు తెలీదు.